ర్యాకు మారింది

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
మార్చి 3

వదినా,

“క్షేమం” అని మొదలుపెట్టబోయి కొట్టేశాను. ఇప్పుడు నీకు ఆ మాట రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మెసేజీ పెడితే చూసిన గుర్తు కూడా రావడం లేదు. నువ్వు మీ పిన్నిగారింటికి వెళ్లిపోయావని అన్నయ్య చెప్పాడు, అడ్రసు కూడా తనే ఇచ్చాడు. ఉత్తరమైతే చించే ముందు రెండు ముక్కలైనా చదువుతావని ఆశ.

నిన్ను సస్పెండ్ చేశారని తెలిసిన రోజు నాకు ముద్ద దిగలేదు. పదమూడేళ్లుగా ఆ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తున్న మనిషివి. మీ ల్యాబు ఫలితాల ప్రోగ్రాము రాయడానికి ముందు నేను రెండు వారాలు నీ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను కదా, నువ్వెంత జాగ్రత్త మనిషివో నాకొకరు చెప్పాలా? కానీ ఆ వారమంతా జ్వరాల రద్దీ. ఇద్దరు చేసే పని ఒక్కదానివే చేశావు. అలసిపోయి ఉంటావు. మనిషన్నాక ఒక పొరపాటు జరగదా? మా కంపెనీ వాళ్లు ప్రోగ్రాముని పరిశీలించారు. అందులో ఏమీ దొరకలేదు.

అన్నయ్యతో నువ్వు గొడవపడి వెళ్లావట. తను ఏదో విసుగులో అని ఉంటాడు, మనసులో పెట్టుకోకు. ఒక్క ముక్క రాయి, తిట్టయినా సరే.

నీ పిచ్చుక


పిన్ని ఇల్లు, మేడ మీద గది
మార్చి 8

పిచ్చుకా,

చించలేదు. అయితే రెండోసారి చదివినప్పుడు చించాలనే అనిపించింది.

“అలసిపోయి ఉంటావు.” ఈ మాట విచారణ కమిటీ అంది, సూపరింటెండెంటు అన్నాడు, మీ అన్నయ్య అన్నారు, ఇప్పుడు నువ్వూ అన్నావు. నలుగురూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నట్టున్నారు. అసలేం జరిగిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. నువ్వైనా విను.

ఫిబ్రవరి ఇరవై. పదకొండో మంచం ఆవిడ దర్జీ భార్య, పాత షుగరు మనిషి, వాంతులతో చేరింది. ఆవిడ ట్యూబు పెద్ద మెషిన్‌లో పెడితే షుగరు 412 వచ్చింది. నాకు అనుమానం వచ్చి వార్డుకి ఫోన్ చేశాను. “రక్తం ఏ చేతి నుంచి తీశారు?” అని నర్సుని అడిగాను. గ్లూకోజు డ్రిప్పు ఎక్కుతున్న చేతినుంచే తీసిందట! డ్రిప్పులో ఉన్నదే ట్యూబులోకి వస్తే 412 కాక ఇంకేం వస్తుంది? రెండో చేతినుంచి తీసి పంపమన్నాను. నీ ప్రోగ్రాము తెర మీద ఆవిడ వరస తెరిచి, కిటికీ అలాగే ఉంచి, రెండో శాంపిల్ కోసం చూశాను. అది వచ్చేసరికి పెద్ద మెషిన్ ట్యూబులతో నిండిపోయి ఉంది. అందుకని పాత కలరీమీటరు మీద చేత్తోనే చేశాను. ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా పెద్ద మెషిన్ ట్యూబుల్ని మింగుతూనే ఉంది, నీ లిస్టులోకి వరసలు చేరుతూనే ఉన్నాయి. ఫలితం 96. తెరిచి ఉన్న వరసలో 412 చెరిపి 96 టైపు చేసి, సేవ్ నొక్కాను. “సేవ్ అయింది” అని ఆకుపచ్చగా వచ్చింది. తెర మీద 96 ఉంది. నా రెండు కళ్లతో చూశాను.

వార్డులో అచ్చయిన కాగితం మీద 412 ఉంది. రెండోసారి తీసినా అదే వచ్చిందనుకుని, ఇక సందేహం లేదని డాక్టరు ఇన్సులిన్ ఇచ్చాడు. వేలు గుచ్చి చూసే చిన్న మెషిన్‌కి ఆ రోజు స్ట్రిప్పులు అయిపోయాయి. ఆవిడకి ఇంతవరకు స్పృహ రాలేదు.

కంప్యూటరులో దిద్దిన ఆనవాలే లేదంటారు. కలరీమీటరు ఏదీ రాసిపెట్టుకోదు. అంటే నేను రెండో పరీక్ష చేయకుండా చేశానని కోస్తున్నానన్నమాట. “కంప్యూటరుకి నీ మీద పగేముంది?” అన్నారు మీ అన్నయ్య. అన్నం తినే బల్ల దగ్గర, తలెత్తకుండా అన్నారు. అందుకే వచ్చేశాను. గొడవ కాదు అది.

ఇంకొకటి. “ప్రోగ్రాములో ఎలాంటి లోపం లేదు” అన్న కాగితం కమిటీ నా ముందు పెట్టింది. కింద సంతకం మీ మేనేజరుది కాదు, నీది. ఉత్తరంలో “కంపెనీ వాళ్లు” అని రాశావేం?

నువ్వు మొదటి ప్రోగ్రాము అని మురిసిపోతూ నాకిచ్చిన ప్రింటు నా దగ్గరే ఉంది. నలభై రెండు కాగితాలు, మొదటి దాని మీద “వదినకి” అని నీ చేతిరాత. ఇక్కడ నాకు పనీపాటా లేదు కాబట్టి అదే చదువుతున్నాను. మూడో కాగితం దగ్గరే ఆగిపోయాను. మాలాక్ అంటే ఏమిటి? చెబుతావా, దానికీ సంతకం కావాలా?

వదిన


ఆఫీసు, మూడో అంతస్తు
మార్చి 16

వదినా,

సంతకం నాదే. మేనేజరు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, “రాసింది నువ్వు కాబట్టి నువ్వే పెట్టాలి” అన్నాడు. పైపైన ఒకసారి చూసి పెట్టేశాను. నీకు రాసేటప్పుడు “నేను” అనడానికి చెయ్యి రాలేదు. తిట్టు, పడతాను.

నువ్వు నా ప్రోగ్రాము చదువుతున్నావంటే ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంతవరకు దాన్ని మొత్తం చదివినవాళ్లు ఎవరూ లేరు, మేనేజరుతో సహా. అడిగావు కాబట్టి చెబుతాను.

ఒక్కో శాంపిల్‌కి నాలుగు సంగతులుంటాయి కదా: ట్యూబు నంబరు, మనిషి పేరు, మంచం, ఫలితం. వీటిని విడివిడిగా పెడితే ఒకరి ఫలితం ఇంకొకరికి అంటుకుంటుంది. అందుకని నాలుగూ కలిపి ఒక మూట కడతాం. ఆ మూట పేరు స్ట్రక్ట్. అలాంటి మూటలు ఎడం లేకుండా వరసగా పేరిస్తే అర్రే. ఈ వరసకి ఎంత చోటు కావాలో ముందే ఎవరికీ తెలియదు. అందుకని ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు కంప్యూటరుని చోటు అడుగుతాం. అలా అడగడమే మాలాక్. ఎన్ని మూటలు, ఒక్కో మూట కొలత ఎంత, ఈ రెండూ గుణించి చెప్పాలి. కొలతని మన నోటితో చెప్పకుండా సైజాఫ్ అని రాస్తే అదే చూసుకుంటుంది. మన మూడో కాగితంలో ఉన్నది అరవై నాలుగు మూటలకి చోటు అడగడం.

కంప్యూటరు ఎక్కడో ఖాళీ చూసి, ఆ చోటు ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది. అంటే చిరునామా ఇస్తుంది. దాన్ని రాసి దాచుకునేదే పాయింటర్. మూటలన్నీ ఒకే కొలత కాబట్టి, మొదలు తెలిస్తే యాభై ఎనిమిదో మూట ఎక్కడుందో లెక్కకట్టి పట్టుకోవచ్చు. చోటు లేకపోతే సున్నా ఇస్తుంది, అది చూసుకోకుండా రాస్తే ప్రోగ్రాము బోర్లా పడుతుంది. పనైపోయాక ఫ్రీ అని చోటు తిరిగి ఇచ్చేయాలి. అంతే వదినా, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

అర్థం కాకపోతే మళ్లీ అడుగు. నువ్వు అడుగుతుంటే బాగుంది.

పిచ్చుక


మేడ మీద గది
మార్చి 24

పిచ్చుకా,

అర్థమైంది. మా కాలేజీలో నువ్వు పంతులమ్మగా ఉండి ఉంటే నేను ఇంకో డిగ్రీ చేసేదాన్ని.

పిన్ని టైపిస్టుగా రిటైరైన మనిషి కదా, నీ కాగితాలు తీసి చూసి, “ఇదేం రాతే, ఒక్క వాక్యమైనా తిన్నగా ముగియదు, ప్రతి దాని చివరా చుక్కా కామా ఎక్కి కూర్చున్నాయి” అంది. ఇన్నాళ్లకి నవ్వొచ్చింది. రోజూ పొద్దున ఆవిడ కుట్టుకుంటూ కూర్చుంటే నేను ఎదురుగా నీ కాగితాలు ముందేసుకుంటాను. ఎర్ర పెన్నుతో అంచుల్లో రాసుకుంటున్నాను. పదిహేడో కాగితం దాకా వచ్చాను.

అక్కడ రియాలాక్ అని ఉంది. లిస్టు నిండితే చోటుని రెండింతలు చేయమంటున్నావు, అరవై నాలుగు నుంచి నూట ఇరవై ఎనిమిదికి. సరే. కానీ అరవై నాలుగు మూటల పక్కన ఖాళీ ఉంటే కదా అది పెరిగేది? ఆ పక్క చోటు అప్పటికే వేరే ఎవరికో ఇచ్చేసి ఉంటే? అప్పుడేం చేస్తుంది?

నిన్న ఆసుపత్రి నుంచి నా సాటి టెక్నీషియన్ ఫోన్ చేసింది. దర్జీ భార్య కళ్లు తెరిచింది. మొగుణ్ణి గుర్తుపట్టడం లేదు. పేరు అడిగితే గోడవైపు చూస్తుందట. కమిటీ ఆఖరి విచారణ ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన. ఆ రోజు కూడా నేను ఉత్త చేతులతో వెళ్తే ఉద్యోగం సంగతి సరే, ఆ మనిషిని అలా చేసింది నేనేనని ఖాయమైపోతుంది. ఇక జన్మలో ఎవరి చేతికీ సూది పెట్టలేను.

నా ప్రశ్నకి జవాబు రాయి.

వదిన


ఆఫీసు
ఏప్రిల్ 1

వదినా,

ఇక్కడ పని ఊపిరి సలపనివ్వడం లేదు, అందుకే ఆలస్యం. రియాలాక్ గురించి నువ్వు అంత లోతుకి పోనక్కర్లేదు. చోటు చాలకపోతే ఇంకాస్త ఇస్తుంది, అంతే. అది కంప్యూటరు చూసుకునే పని.

ఆ అరవై నాలుగు నేను గాల్లోంచి తీసింది కాదు, నీకు గుర్తుండే ఉంటుంది. “రోజుకి ఎన్ని శాంపిళ్లు వస్తాయి?” అని నేనడిగితే “ఎంత రద్దీ అయినా అరవై దాటవు” అన్నది నువ్వే.

నేను ఆలోచించి ఒకటి చెబుతాను, కోప్పడకు. రెండో పరీక్ష చేశాను, పని ఒత్తిడిలో కంప్యూటరులో ఎక్కించడం మరిచిపోయాను అని కమిటీకి రాసిచ్చేయి. అబద్ధం చెప్పావన్న మాట పోతుంది. మరుపు కాబట్టి శిక్ష తగ్గుతుంది, మందలింపుతో వదిలేయొచ్చు కూడా. అన్నయ్య కూడా అదే అంటున్నాడు.

ఇంకో సంగతి, ఆ ప్రింటు కాగితాలు నాకోసారి పంపించు. నువ్వు ఎర్ర పెన్నుతో రాసినవి చూసి, తప్పొప్పులు దిద్ది పంపుతాను.

పిచ్చుక


మేడ మీద గది
ఏప్రిల్ 9

అమ్మాయ్,

కాగితాలు పంపను.

మా ల్యాబులో రెండు వారాలు కూర్చున్నావు. ఒక పద్ధతి చూసే ఉంటావు, నవ్వావు కూడా. ర్యాకులో కన్నాలు నిండిపోతే పెద్ద ర్యాకు తీసి ట్యూబులన్నీ అదే వరసలో అందులోకి మారుస్తాం. మార్చగానే మార్చినవాళ్లు గట్టిగా “ర్యాకు మారింది!” అని అరవాలి. లేకపోతే ఇంకో బల్ల దగ్గర కూర్చున్నామె చేతిలో “కిటికీ దగ్గర ర్యాకు, నాలుగో వరస, రెండో కన్నం” అని రాసుకున్న చీటీ ఉంటుంది, ఆమె పాత ర్యాకు దగ్గరికే పోతుంది. అరుపు వినగానే ఎవరి చేతిలో చీటీ వాళ్లు చింపేయాలి, మళ్లీ వెతుక్కోవాలి. చేరిన మొదటి రోజే నేర్పుతాం. “చేపల సంతలో ఉన్నట్టుంది వదినా” అన్నావు నువ్వు.

నీ రియాలాక్ కూడా అదే చేస్తుంది. పక్కన ఖాళీ లేకపోతే పెద్ద చోటు ఇంకెక్కడో చూసి, మూటలన్నీ అక్కడికి మార్చి, పాత చోటు వదిలేస్తుంది. నువ్వు రాయలేదు గానీ ఇక్కడి లైబ్రరీలో పుస్తకం ఉంది, అందులో రాసి ఉంది. ఒక పూట పట్టింది.

ఇరవై మూడో కాగితం చూడు. వరస తెరవగానే ఆ మూట చిరునామా ఒక పాయింటర్‌లో రాసిపెట్టుకున్నావు. సేవ్ నొక్కితే ఆ చిరునామాకే వెళ్లి రాస్తావు. తెర మీద చూపించేదీ అక్కడినుంచే. మరి ఆ మధ్యలో అరవై ఐదో శాంపిల్ వస్తే? లిస్టు ఇల్లు మారిపోయింది, తెరిచిన కిటికీకి ఎవరూ చెప్పలేదు. నేను కొట్టిన 96 ఎవరూ లేని పాత చోటుకి పోయింది. కొత్త చోటులో 412 అలాగే ఉంది, కాగితం మీద అదే అచ్చయింది. ఆ రోజు మొత్తం శాంపిళ్లు డెబ్బై ఒకటి. నా సాటి మనిషిని అడిగి కనుక్కున్నాను.

నా కళ్లు నన్ను మోసం చేయలేదన్నమాట. ఇది తెలిశాక పిన్ని ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను, ముప్పై తొమ్మిదేళ్లదాన్ని.

ఇంకొకటి కూడా కనుక్కున్నాను. మార్చి పదకొండున మీ కంపెనీ మనిషి ల్యాబుకి వచ్చి “చిన్న మార్పులు” అని ప్రోగ్రాము మార్చి వెళ్లాడట. నువ్వు నాకు మాలాక్ పాఠం రాయడానికి అయిదు రోజుల ముందు.

నీకెప్పుడు తెలిసింది?


నా గది
ఏప్రిల్ 14

వదినా,

మార్చి పదిన.

నీ ఉత్తరమే నాకు చెప్పింది. “కిటికీ అలాగే ఉంచి” అని రాశావు, “వరసలు చేరుతూనే ఉన్నాయి” అని రాశావు. ఆ రెండు మాటలు చదవగానే ఎక్కడ తప్పిందో తెలిసింది. ఆఫీసులో నేను పరీక్షించినప్పుడు లిస్టు పక్కన ఎప్పుడూ ఖాళీ ఉండేది, పెరిగినా అక్కడే పెరిగేది, అందుకని అన్నీ సరిగ్గా వచ్చేవి. ల్యాబు కంప్యూటరులో లిస్టు పక్క చోటు అచ్చు వేయాల్సిన కాగితాల వరసకి ఇచ్చేసి ఉంది. అక్కడ పెరగడానికి చోటు లేదు. అరగంటలో మళ్లీ అలాగే జరిగేలా చేసి చూశాను. తెర మీద 96, కాగితం మీద 412. నువ్వు చెప్పినట్టే.

మేనేజరుకి చూపించాను. “రేపే మార్చేద్దాం. ఇంకెవరికీ ఇలా జరగదు, అది ముఖ్యం” అన్నాడు. పాతది ఎక్కడా లేకుండా తీయించాడు. సంతకం చేసింది నేను కాబట్టి బయటికొస్తే మొదట పోయేది నేనేనని కూడా చెప్పాడు. చిరునామా బదులు వరస నంబరు రాసిపెట్టుకుని, సేవ్ నొక్కినప్పుడు లిస్టు మొదలు మళ్లీ అడిగితే సరిపోయేది. రెండు వరసల మార్పు. ఆ రెండు వరసలూ ఆ రాత్రే నేనే రాసిచ్చాను, నువ్వు జాలిపడవని తెలుసు. పడకు.

భయపడ్డాను. ఎన్నిసార్లు కలం పట్టుకుని వదిలేశానో. పాఠం రాసిన రోజు, నువ్వు రియాలాక్ దాకా రాకముందే ఆగిపోతావనుకున్నాను. కాగితాలు పంపమన్నది దిద్దడానికి కాదు. అది కూడా నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇంకొకటి దాచితే ఈ ఉత్తరం రాయడమే దండగ. మార్చి పన్నెండున అన్నయ్యకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఏం చేయమంటావని ఏడ్చాను. తను “దాని ఉద్యోగం ఎలాగూ పోయింది. ఇప్పుడు నీది కూడా పోగొట్టుకుని ఏం సాధిస్తావు? ఒకటైనా నిలబెట్టుకుందాం. దానికి నేను నచ్చజెబుతాను” అన్నాడు.

నాకు ఆ మాట చల్లగా తగిలింది వదినా. నిజం చెబుతున్నాను. పెద్దవాడు చెప్పాడు కదా అని ఆ పూట కడుపునిండా తిన్నాను.

పిచ్చుక


మేడ మీద గది
ఏప్రిల్ 18

అమ్మాయికి,

మార్చి పదిహేనున మీ అన్నయ్య ఇక్కడికి వచ్చాడు. పళ్లు తెచ్చాడు. ఈ గదిలోనే, ఈ మంచం అంచున కూర్చుని నా చెయ్యి పట్టుకుని, “జరిగిందేదో జరిగింది, నువ్వు ఒప్పేసుకుంటే నేను నిన్ను ఏమీ అనను” అన్నాడు. అప్పటికి మూడు రోజులుగా అతనికి తెలుసు. ఆ రోజు నేను కొంచెం మెత్తబడ్డాను కూడా. పెట్టె సర్దుకుందామా అనుకున్నాను.

ఇంతకంటే దాని గురించి రాయలేను.

నీ సంగతికి వస్తాను. నువ్వు చేసిన తప్పు మీద నాకు కోపం లేదు. ట్యూబు పగలగొట్టినవాళ్లని నేనెప్పుడూ తిట్టలేదు, పగిలింది దాచినవాళ్లనే తిట్టాను. ఆ దాచిన నెలలో దర్జీ నాలుగుసార్లు ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చి నా కోసం అడిగాడట. నన్ను కొట్టడానికి వచ్చాడనుకుని వాచ్‌మన్ పంపేశాడట.

నలభై రెండు కాగితాలకీ కాపీలు తీయించాను. నీ ఉత్తరాలకి కూడా. ఇరవై ఎనిమిదిన కమిటీ ముందు పెడతాను. వాళ్లలో ఒక్కరికీ ఇది చదవడం రాదు. నువ్వొస్తే నువ్వు చదివి చెప్పు. రాకపోతే నేనే చదివి చెబుతాను. పాఠం బాగానే చెప్పావు.

రమ్మని బతిమాలడం లేదు.

వదిన


నా గది
మే 2

వదినా,

ఇరవై ఎనిమిదిన విచారణ అయ్యాక మెట్ల దగ్గర నీకోసం నిలబడ్డాను. నువ్వు మీ పిన్నిగారి చెయ్యి పట్టుకుని నన్ను దాటుకుని దిగిపోయావు. చూడలేదో, చూసి కూడా ఆగలేదో తెలియలేదు.

పదిహేడో కాగితం, ఇరవై మూడో కాగితం వాళ్ల ముందు చదివేటప్పుడు నీ ఎర్ర పెన్ను రాతలు కనిపించాయి. “ఇక్కడ ఎవరూ అరవలేదు” అని రాసుకున్నావు అంచులో. అది కూడా వాళ్లకి చదివి వినిపించాను. “ఫిబ్రవరిలో పెట్టిన సంతకం తప్పు, మార్చి పది నుంచి నాకు తెలుసు” అని వాళ్ల ముందే రాసి మళ్లీ సంతకం పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నానికి కంపెనీ నన్ను తీసేసింది. బల్ల సొరుగులో ఉన్నవి ఒక సంచిలో వేసి గుమ్మం దగ్గర పెట్టారు. మేనేజరు ముఖం చాటేశాడు. చెబుతున్నది జాలికోసం కాదు, నీకు తెలియాలని. అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. నేను వాడి కాపురం కూల్చానట.

నువ్వు గెలిచావు వదినా. కమిటీ నివేదికలో నీ తప్పు లేదనే రాస్తారట. ఒక్కసారి, ఒక్క ముక్కలో, నన్ను క్షమించానని రాస్తావా? అదీ వద్దనిపిస్తే ఉత్త కవరు పంపు, నీ చేతిరాతతో అడ్రసు ఉంటే చాలు.

పిచ్చుక


మేడ మీద గది
మే 21

పిచ్చుకా,

ఆర్డరు వచ్చింది. “అనుకోని సాంకేతిక కారణం. ఉద్యోగి వైపు నుంచి ఎలాంటి దోషమూ లేదు.” ఒకటో తారీఖున మళ్లీ చేరాలి. పిన్ని ఆ కాగితాన్ని అద్దం పక్కన అంటించింది.

మీ అన్నయ్య వచ్చాడు. కింద హాల్లో కూర్చుని, “ఇక అంతా అయిపోయిందిగా, పద” అన్నాడు. “నీకు మార్చిలోనే తెలుసు” అన్నాను. “నేను అటు చెల్లెల్నీ చూసుకోవాలి, ఇటు నిన్నూ చూసుకోవాలి” అన్నాడు. చూసుకున్న తీరు బాగుందని చెప్పి మేడెక్కి వచ్చేశాను. టీ చల్లారేదాకా కూర్చుని వెళ్లాడు.

నివేదిక సంగతి దర్జీకి ఎవరూ చెప్పలేదని తెలిసింది. ఆసుపత్రి చెప్పదు, మీ కంపెనీ చెప్పదు. నేనే వెళ్లాను. నా తప్పు లేదని ఒక్క మనిషి నమ్మాలనుకుంటే అది అతనే. ఆర్డరు కాగితం, నీ ప్రింటు సంచిలో పెట్టుకుని, మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుని వెళ్లాను. అవును, మంచి చీర కట్టుకున్నాను. గెలిచానని నువ్వు రాశావు కదా.

వీధి చివర చిన్న కొట్టు. మిషను, పక్కన కుర్చీ, కుర్చీలో ఆవిడ. ఒళ్లో గుండీల డబ్బా పెట్టాడు. రంగుల వారీగా ఏరుతుందేమోనని ఆశట. ఆవిడ ఒక్క గుండీ పట్టుకుని దాన్నే చూస్తోంది. నేనెవరో చెప్పాను. లేచి, బల్ల మీద గుడ్డలు జరిపి, కూర్చోమన్నాడు. కొట్టడానికి రావడం కాదు, అడగడానికి వచ్చాడట అన్నిసార్లూ.

అంతా చెప్పాను. డ్రిప్పు చెయ్యి, రెండో చెయ్యి, 96, లిస్టు, చోటు మారడం. కొలతలతో పనిచేసే మనిషి, నాకంటే తొందరగా అర్థం చేసుకున్నాడు. “అంటే మీరు సరిగ్గానే చేశారన్నమాట” అన్నాడు. మూడు నెలలుగా ఈ మాట కోసమే కదా నేను బతికింది. కళ్లు తుడుచుకున్నాను.

అప్పుడతను నెమ్మదిగా, ఏ కోపమూ లేకుండా అడిగాడు: “తొంభై ఆరని మీకు తెలిసింది కదమ్మా. రెండోసారి తీయమని ఫోన్ చేశారు కదా. తొంభై ఆరు వచ్చిందని ఇంకో ఫోన్ ఎందుకు చేయలేదు?”

పన్నెండేళ్లు నేను ఆ ఫోన్ చేశాను పిచ్చుకా. రెండోసారి తీసిన ఏ శాంపిల్ ఫలితమైనా వార్డుకి నోటితో చెప్పడం మా పద్ధతి. నీ ప్రోగ్రాము వచ్చాక నేనే మాన్పించాను. “ఇక ఫోన్లక్కర్లేదు, మా మరదలు రాసింది, తెర మీద పడితే వార్డులో పడినట్టే” అని ల్యాబులో అందరికీ గొప్పగా చెప్పాను. ఆ రోజు 96 తెర మీద కనబడగానే ఫోన్ వైపు చూశాను కూడా. అక్కర్లేదనుకుని తర్వాతి ట్యూబు తీసుకున్నాను.

ఈ సంగతి కమిటీ అడగలేదు. నువ్వూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు, నీకు రాసిన ఉత్తరాల్లో కూడా. దర్జీ ముందు పరిచిన కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

నన్ను క్షమించమని ఎవరిని అడగాలో తెలిశాక నీకు రాస్తాను.

వదిన